మిల్‌టౌన్ మల్బేలో నిప్పు దించేసిన డ్రైవర్

మా నాయన నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, రైలింజన్లు ఉంచే లోకో షెడ్‌లో, ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైర్ అయ్యాడు. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే, ఐర్లండ్‌లో ఎప్పుడో మూతబడిన ఒక పల్లెటూరి స్టేషన్ గురించి కావలిలో కూర్చుని నేనెందుకు ఇంత పొడుగ్గా రాస్తున్నానో మీకు అర్థమవుతుంది.

2016లో ఐర్లండ్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి, లిమరిక్ అనే ఊరికి వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. ఒక ఆదివారం అందరూ వెళ్ళే ఆ మోహర్ కొండకొసలు చూపించి, తిరుగుదారిలో సముద్రం ఒడ్డు పట్టుకుని కిందికి తీసుకొచ్చారు. లహించ్, మిల్‌టౌన్ మల్బే, క్విల్టీ, కిల్కీ, ఇలా చిన్న చిన్న ఊళ్ళు. కిల్కీ దాటాక అమ్మాయి ఫోన్ చూస్తూ, "అమ్మా, ఇక్కడ పాత స్టీమ్ ఇంజన్ ఒకటుందంట, తాత నడిపినట్టాంటిది, చూస్తావా?" అంది. చూస్తావా అని అడగాలా నన్ను?

ఆ స్టేషన్ పేరు మొయాస్టా జంక్షన్. ఊరు అనేంత ఊరు కూడా లేదు. షానన్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, చదునుగా, తడి తడిగా ఉండే నేల, పచ్చగడ్డి, గాలి. చిన్న స్టేషన్ ఇల్లు, ప్లాట్‌ఫారం, రెండు భాషల్లో పేరు రాసిన బోర్డు. ఆ పట్టాలు చూసి నేను మొదట అడిగింది "ఇంత సన్నగా ఉన్నాయేంది?" అని. రెండు పట్టాల మధ్య మూడే మూడు అడుగులు. మన బ్రాడ్ గేజ్ అయిదడుగుల ఆరంగుళాలు, ఐర్లండ్ పెద్ద లైన్లు అయిదడుగుల మూడంగుళాలు, మా మేనమామ పనిచేసిన దొనకొండ వైపు లైన్ ఒకప్పుడు మీటర్ గేజ్. ఇది వాటన్నిటికంటే చిన్నది. డబ్బులు తక్కువున్న చోట, జనం పల్చగా ఉన్న చోట, చవగ్గా వేసే లైన్ అన్నమాట.

ఇది వెస్ట్ క్లేర్ రైల్వే. 1885 జనవరిలో మొదటి గడ్డపార వేసింది పార్నెల్, ఐర్లండ్‌కి స్వపరిపాలన కావాలని బ్రిటిష్ పార్లమెంటులో కొట్లాడిన నాయకుడు. 1887 జులైలో ఎన్నిస్ నుంచి మిల్‌టౌన్ మల్బే దాకా రైలు నడిచింది. అక్కడి నుంచి కిందికి సౌత్ క్లేర్ అని ఇంకో కంపెనీ పేరుతో లైన్ పొడిగించారు, 1892లో అది తెరిచారు. ఆ లైన్ మొయాస్టా దగ్గర రెండుగా చీలి, ఒకటి కిల్కీ బీచ్‌కి, ఇంకొకటి కిల్‌రష్ రేవుకి పోయేది. జంక్షన్ అని పేరు అందుకే. మొత్తం కలిపితే ఎనభై అయిదు కిలోమీటర్లు, అంటే మన నెల్లూరు నుంచి సింగరాయకొండ దాకా అనుకోండి, దాదాపుగా.

ఆ లైన్‌కి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చదివినప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది. 1883లో చేసిన ఒక చట్టం ప్రకారం, రైల్వేలో పెట్టుబడి పెట్టిన వాళ్ళకి లాభం రాకపోతే ఆ తక్కువ పడిన డబ్బు ఆ చుట్టుపక్కల ప్రాంతంలో పన్ను కట్టే జనమే భరించాలి. అంటే గొడ్లు మేపుకుని బతికే వాళ్ళు, రైలు ఎక్కినా ఎక్కకపోయినా, దాని నష్టానికి పూచీ పడ్డారు. మా ఊరికి రైలు వస్తుందని ఒప్పుకున్నారు. సంతలకి గొడ్లను తోలే బాధ తప్పుతుందని, ఎండాకాలం లిమరిక్ నుంచి కిల్కీకి స్నానాలకి జనం వస్తారని ఆశ. ఆ ఆశ వట్టిది కూడా కాదు, కిల్కీ నిజంగానే ఆ రైలు వల్ల కళకళలాడింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వెస్ట్ క్లేర్ రైల్వే అంటే ఐర్లండ్‌లో ఇప్పటికీ నవ్వుతారు. ఎందుకంటే పెర్సీ ఫ్రెంచ్ అని ఒక పాటగాడు దాని మీద హాస్యంగా ఒక పాట కట్టాడు, అది దేశమంతా పాకింది. అతను 1896 ఆగస్టు 10న కిల్కీలో కచేరీ చేయాల్సి ఉంది. రాత్రి ఎనిమిది గంటలకు. రైలు మిల్‌టౌన్ మల్బేలో ఆగిపోయింది, గంటల తరబడి. అతను కిల్కీ చేరేసరికి జనం చాలామంది వెళ్ళిపోయారు. కంపెనీ మీద కేసు వేసి, ఎన్నిస్ కోర్టులో గెలిచి, పది పౌండ్లు నష్టపరిహారం తెచ్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకి ఆ పాట. అందులో రైలు నత్తలాగా పోతుంది, గార్డు దారి పొడుగునా సాకులు చెప్తుంటాడు, ప్రయాణికులు ఎప్పుడు చేరతామో తెలియక కూర్చుంటారు. మొయాస్టాలో మాకు అన్నీ చూపించిన పెద్దాయన కూడా ఆ కథ నవ్వుతూనే చెప్పాడు.

నేను నవ్వలేకపోయాను. మా అమ్మాయిని "ఆ రైలు ఎందుకాగిందో అడుగు" అన్నాను.

ఎందుకాగిందంటే, అంతకు ముందు ఎన్నిస్టైమన్ స్టేషన్‌లో ఇంజన్‌కి పట్టిన నీళ్ళలో నాచు, కలుపు ఉంది. అది ఇంజన్‌లోకి పోయింది. డ్రైవర్ అది గమనించి, బాయిలర్ పేలకుండా మిల్‌టౌన్ మల్బేలో నిప్పు దించేశాడు. వేరే ఇంజన్ వచ్చేదాకా రైలు అక్కడే.

దాని అర్థం ఏందో స్టీమ్ ఇంజన్ వాళ్ళ ఇంట్లో పుట్టిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగిలిన వాళ్ళకి చెప్తాను. ఇంజన్‌లో నిప్పు మండే గదిని ఫైర్ బాక్స్ అంటారు, దాని పైకప్పు మీద ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. ఇంజెక్టర్ అనేది ఆవిరి బలంతోనే ట్యాంకులో నీళ్ళను బాయిలర్‌లోకి తోస్తుంది. అందులో చెత్త ఇరుక్కుంటే నీళ్ళు ఎక్కవు, కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది, లోపలున్న నీళ్ళు ఆవిరై తగ్గుతూ పోతాయి. డ్రైవర్ ముందు ఒక గాజు గొట్టం ఉంటుంది, అందులో నీళ్ళ మట్టం కనపడుతుంది, దాన్నే నీళ్ళ గ్లాసు అంటారు. ఆ మట్టం కింద అంచు దాటి పోతే ఫైర్ బాక్స్ పైకప్పు ఎర్రగా కాలి మెత్తబడి, అంత ఒత్తిడి మీదున్న ఆవిరి దాన్ని చీల్చుకుని బయటకొస్తుంది. ఇంజన్ మీదున్న ఇద్దరూ పోతారు, దగ్గర్లో ఎవరున్నా పోతారు. అందుకే పైకప్పులో సీసం నింపిన ఒక ప్లగ్ పెడతారు, నీళ్ళు తగ్గితే ముందు అది కరిగి ఆవిరి మంట మీదికి చిమ్ముతుంది, అదొక హెచ్చరిక. మా నాయన చెప్పేవాడు, ప్లగ్ కరిగించాడు అనిపించుకోవడం కన్నా డ్రైవర్‌కి సిగ్గు ఇంకొకటి లేదని. అన్నం తింటూ కూడా మధ్యలో చూపు ఎటో పెట్టేవాడు, అమ్మ అడిగితే "నీళ్ళ గ్లాసు చూసే అలవాటే, పోదు" అనేవాడు.

నీళ్ళు ఎక్కకపోతే ఉన్నది ఒకటే దారి, నిప్పు తీసి కింద పారేయడం. చెప్పినంత తేలిక కాదు. ఎర్రగా మండే బొగ్గు, ఆ వేడిలో పొడుగు ఇనప ఊచలతో లాగి కిందికి తోయాలి. తోసేశాక ఇంజన్ చచ్చిన గొడ్డుతో సమానం, మళ్ళీ నిప్పు వేసి ఆవిరి ఎక్కించాలంటే గంటలు పడుతుంది. రైలు లేటవుతుందని, పై వాళ్ళు అడుగుతారని, బండిలో ఉన్న వాళ్ళు తిడతారని ఆ డ్రైవర్‌కి తెలియదా? తెలిసే దించాడు. ఆ రోజు కిల్కీలో కచేరీ చెడిపోయింది, నిజమే, పాటగాడికి డబ్బు పోయింది, కోర్టు ఇప్పించింది, అది న్యాయమే. కానీ నూటపాతికేళ్ళుగా అందరూ గుర్తుపెట్టుకున్నది లేటైన రైలునే. ఆ డ్రైవర్ సరైన పనే చేశాడని ఎవరో ఒకరు రాసి పెట్టాలని నాకు అప్పుడే అనిపించింది. అందుకే ఈ పోస్ట్.

అదే లైన్ మీద క్విల్టీ అని ఒక స్టేషన్ ఉండేది. మేము కార్లో ఆ ఊరి మీదుగానే వచ్చాం, సముద్రం పక్కనే, చేపలు పట్టుకునే వాళ్ళ ఊరు. 1907లో ఒక ఫ్రెంచి ఓడ అక్కడ తుఫానులో రాళ్ళకి గుద్దుకుంటే ఆ ఊరి బెస్తవాళ్ళు తారు పూసిన గుడ్డతో చేసిన చిన్న చిన్న పడవల్లో వెళ్ళి నావికులను కాపాడారు, ఆ సంఘటనకి గుర్తుగా వచ్చిన చందాలతో కట్టిన చర్చి ఇప్పటికీ రోడ్డు మీద నుంచి కనపడుతుంది. జువ్వలదిన్నె వైపు మన పట్టపోళ్ళను ఎరిగిన దాన్ని కాబట్టి ఆ కథ వింటుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అక్కడ అట్లాంటిక్ గాలి నేరుగా వచ్చి కొడుతుంది. ఆ చిన్న గేజ్ పెట్టెలు తేలిక, గాలికి పట్టాల మీద నుంచి పడిపోయిన సందర్భాలున్నాయి. దాంతో క్విల్టీ స్టేషన్‌లో గాలి వేగం కొలిచే యంత్రం పెట్టారు. గాలి గంటకు 60 మైళ్ళు దాటితే పెట్టెల్లో బరువులు వేసి నడపాలి. 80 మైళ్ళు దాటితే రైలు కదలకూడదు. మన దేశంలో రామేశ్వరం పోయే పాత పాంబన్ వంతెన మీద కూడా ఇలాంటి యంత్రమే ఉండేది, గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ ఇచ్చేవాళ్ళు కాదు.

నవ్వులపాలైన రైల్వే చేసిన పని ఇది. ఒక పల్లెటూరి స్టేషన్ మాస్టర్ గాలి లెక్క చూసి, బండి పంపాలా వద్దా అని నిర్ణయించుకుని, పక్క స్టేషన్లకి కబురు పెట్టేవాడు. ఇలాంటి పనికి లెక్కల పుస్తకంలో కాలమ్ ఉండదు.

మాకు తుఫాను అంటే ఏందో తెలుసు. 1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను రోజుల్లో నాయన గూడ్స్ మీద వెళ్ళి రెండు రాత్రులు ఇంటికి రాలేదు. రైల్వే క్వార్టర్స్‌లో కరెంటు లేదు, వేపచెట్లు విరిగి పడ్డాయి. అమ్మ లాంతరు పెట్టుకుని వాకిట్లో తలుపు దగ్గరే కూర్చుంది. మూడో రోజు పొద్దున, డ్యూటీకి పిలవడానికి ఇళ్ళకి వచ్చే కాల్ బాయ్ వచ్చి, "అమ్మా, బండి తలమంచిలో ఆపేశారు, డ్రైవర్ గారు బాగున్నారు" అని చెప్పి పోయాడు. తలమంచి చిన్న స్టేషన్, ఎక్స్‌ప్రెస్ బండ్లు కన్నెత్తి చూడవు. కానీ ఆ రాత్రి అక్కడ ఒక స్టేషన్ మాస్టర్ ఉండబట్టి బండి ఆగింది. 2021 నవంబర్‌లో పెన్నకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు టీవీలో ఆ వేలాడే పట్టాలు చూస్తూ నేను తలమంచి రాత్రినే తలుచుకున్నాను.

మళ్ళీ మొయాస్టాకి. 1925లో వెస్ట్ క్లేర్ పెద్ద కంపెనీలో కలిసిపోయింది, 1945లో సీఐఈ అనే జాతీయ రవాణా సంస్థ చేతికి వచ్చింది. ఐర్లండ్‌లో 1920 నాటికి 5,600 కిలోమీటర్ల దాకా రైలు పట్టాలుండేవంట, అంత చిన్న దేశంలో! తర్వాత ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు. బస్సులు, లారీలు, కార్లు వచ్చాయి, సగం కారణం అదే. మిగతా సగం, జనమే లేకుండా పోవడం. 1951 నుంచి 1961 లోపల ఆ దేశం నుంచి వెళ్ళిపోయిన వాళ్ళు, తిరిగొచ్చిన వాళ్ళను తీసేస్తే, నాలుగు లక్షల మంది పైనే. పశ్చిమాన ఉన్న ఇలాంటి పల్లెల నుంచే ఎక్కువ. పిల్లలు ఇంగ్లండ్‌కి, అమెరికాకి రైలెక్కి పోయారు, ఆ తర్వాత రైలెక్కడానికి మనుషులు లేరు. అమ్మాయి ఈ మాట చదివి వినిపిస్తుంటే, ఆ అమ్మాయే కావలి నుంచి రైలెక్కి వెళ్ళిన పిల్ల అని నాకు గుర్తొచ్చి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మూసేసే ముందు బాగు చేయాలని కూడా చూశారు. 1952లో డీజిల్ రైల్ కార్లు తెచ్చారు, 1955లో డీజిల్ ఇంజన్లు. ఐర్లండ్ నారో గేజ్‌లో పూర్తిగా డీజిల్ అయిన లైన్ ఇదే. అయినా ఏటా ఇరవై మూడు వేల పౌండ్ల నష్టం చూపించారు. 1958లో వచ్చిన చట్టంతో లైన్లు మూయడం సీఐఈకి చాలా సులువైంది, నోటీసు ఇస్తే చాలు. 1960 సెప్టెంబర్‌లో నోటీసు ఇచ్చారు. 1961 జనవరి 31న ఆఖరి రైలు. ఆ దేశంలో ప్రయాణికుల్ని మోసిన నారో గేజ్ లైన్లలో మిగిలిన చివరిది అదే. మర్నాటి నుంచే పట్టాలు పీకడం మొదలుపెట్టారు. ఒక్క రోజు, ఒక్క పూట ఆగలేదు. దాదాపు డెబ్భై నాలుగేళ్ళు నడిచిన లైన్‌ని మర్నాడే పీకాలంటే, జనం మళ్ళీ కావాలని అడుగుతారనే భయం ఉండి ఉంటుందనే నా అనుమానం.

నష్టం లెక్క అబద్ధమని నేననను. కానీ ఆ లెక్క ఎలా వేశారన్నదే నా బాధ. టికెట్లు, సరుకు, జీతాలు, బొగ్గు, అంతే. గాలి కొలిచినాయన, రాత్రి పూట దీపం పట్టుకుని నిలబడినాయన, ఊరికి టైము చెప్పిన రైలు, ఎన్నిస్ ఆసుపత్రికి పోవాల్సిన ముసలామె, ఇవేవీ అందులో లేవు.

మొయాస్టాలో ఇప్పుడున్న పట్టాలు కొత్తగా వేసినవి. ఆ ప్రాంతం వాళ్ళు పూనుకుని, స్టేషన్ జాగాని తిరిగి సంపాదించి, కొద్ది దూరం లైన్ వేసి, స్టేషన్‌ని మళ్ళీ నిలబెట్టారు. అన్నిటికంటే పెద్ద పని ఇంజన్‌ది. స్లీవ్ కాలన్ అని పేరు, నంబర్ 5, 1892లో గ్లాస్గోలో డబ్స్ కంపెనీ చేసింది. లైన్ మూసేశాక ఎన్నిస్ స్టేషన్ బయట దిమ్మె మీద పెట్టేశారు, ఎండకీ వానకీ దశాబ్దాలు అలాగే ఉంది. దాన్ని ఇంగ్లండ్‌కి పంపి బాగు చేయించి, 2009లో మొయాస్టాకి తెచ్చారు, మళ్ళీ ఆవిరితో నడిచింది. నేను వెళ్ళిన రోజు దానికి నిప్పు లేదు, చిన్న డీజిల్ ఇంజన్‌తో పెట్టెలో కూర్చోబెట్టి తిప్పారు. తిరిగొచ్చాక ఆ పెద్దాయన నన్ను స్లీవ్ కాలన్ మీదికి ఎక్కనిచ్చాడు. నా వయసుకి మెట్లు ఎత్తు, అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. లోపల నూనె, బూడిద కలిసిన వాసన. అది మా ఇంటి వాసన. నాయన డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే వచ్చే వాసన. నేను ఫైర్ బాక్స్ తలుపు చూసి, ఆవిరిని వదిలే రెగ్యులేటర్ చూసి, తర్వాత వేలుపెట్టి నీళ్ళ గ్లాసు చూపించాను. ఆ పెద్దాయన మా అమ్మాయి వైపు తిరిగి ఆశ్చర్యంగా ఏదో అడిగాడు. "మా తాత డ్రైవర్" అని చెప్పింది. అంతే, తలమీది టోపీ తీశాడాయన.

బిట్రగుంట గురించి తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. మద్రాసు బెజవాడ లైన్ 1899లో పూర్తయింది. ఆ లైన్ మీద ఇంజన్లు మార్చడానికి, నీళ్ళు, బొగ్గు పట్టడానికి, మనుషులు డ్యూటీ మారడానికి పెద్ద షెడ్ పెట్టిన ఊరు మాది. గుండ్రటి షెడ్, మధ్యలో టర్న్ టేబుల్, ఇంజన్ని దాని మీద నిలబెట్టి తిప్పుతుంటే పిల్లలం గోడ మీద కూర్చుని చూసేవాళ్ళం. వరసలు వరసలుగా క్వార్టర్స్, ఇన్‌స్టిట్యూట్, స్కూలు, ఆసుపత్రి. షెడ్ సైరన్‌తో అన్నం వార్చేవాళ్ళు. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడుతుందని అమ్మ ఎప్పుడూ విసుక్కునేది. 1980 నాటికి లైన్‌కి కరెంటు వచ్చింది. ఇంజన్ మధ్యలో ఆగి నీళ్ళు తాగాల్సిన పని పోయింది. మా ఊరి పని కూడా దాంతోనే పోయింది. దొనకొండలోనూ ఇదే జరిగింది, మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ రాగానే అక్కడి షెడ్‌కి పని లేకుండా అయింది.

మాది మూతబడిన స్టేషన్ కాదు. రైళ్ళు పోతూనే ఉన్నాయి, ఇంతకు ముందు కంటే ఎక్కువే. ఎక్కువ భాగం ఆగకుండా పోతాయి. కొండ బిట్రగుంట తిరునాళ్ళకి వచ్చే వాళ్ళు ఇంకా దిగుతారు. క్వార్టర్స్ చాలావరకు ఖాళీ, కొన్నిటికి పైకప్పు కూడా లేదు, మేమున్న ఇంటి వాకిట్లో తుమ్మచెట్టు మొలిచింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నాయన పోయాక ఇల్లు సర్దుతూ ఆయన లైన్ బాక్స్, డ్యూటీకి పోయేటప్పుడు తీసుకెళ్ళే ఆ నల్ల రేకు పెట్టెని, పాత సామాన్ల బండి అతనికి వేసేశాం. మూత మీద తెల్ల రంగుతో నాయన పేరు, బీటీటీఆర్ అని స్టేషన్ కోడ్ ఉండేది. తుప్పు పట్టింది, ఏం చేసుకుంటాం అనుకున్నాం. మొయాస్టాలో ఒక గదిలో పాత టికెట్లు, దీపాలు, టోపీలు వరసగా పెట్టి ఉంటే, ఒక గాజు పెట్టె ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అందులో ఉన్నది ఒక డ్రైవర్ అన్నం డబ్బా.

తిరిగొచ్చాక మొదలుపెట్టిన పని ఇది. మా మేనల్లుడు ఫోన్ పట్టుకుంటాడు, నేను అడుగుతాను. బిట్రగుంట షెడ్‌లో పనిచేసిన వాళ్ళు, కాల్ బాయ్‌లు, బొగ్గు ఎత్తిన ఆడవాళ్ళు, ఇన్‌స్టిట్యూట్‌లో నాటకాలు వేసిన వాళ్ళు, ఎవరు మాట్లాడితే వాళ్ళ గొంతు రికార్డు చేస్తున్నాం. చాలామంది లేరు, ఉన్నవాళ్ళకి ఎనభై దాటాయి. మీ ఇంట్లో ఎవరైనా బిట్రగుంట, గూడూరు, దొనకొండ వైపు రైల్వేలో చేసి ఉంటే ఫోటో, పాస్, కాల్ బుక్, ఏదున్నా పారేయకండి, ఒక ఫోటో తీసి నాకు పంపండి. చిన్నదని అనుకోకండి.

పోయిన నెల కావలిలోనే ఒక పాత ఫైర్‌మన్ ఇంటికి వెళ్ళాం. మోకాళ్ళ నొప్పి, సరిగ్గా వినపడదు. నిప్పు ఎలా వేసేవాళ్ళు మామా, అని గట్టిగా అడిగాను. కాసేపు నా మొహం చూసి, కుర్చీలోంచి లేచి, చేతికర్రని పారలా రెండు చేతులతో పట్టుకుని, వరండాలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఒక్కసారిగా నడుము తిప్పి కర్ర ముందుకు తోశాడు, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. "మొదట వెనక మూలలు నింపాల, అమ్మాయ్" అన్నాడు, "ఆ తర్వాతే నడిమి. కొంచెం కొంచెం. ఎప్పుడూ కొంచెం కొంచెమే."